వంగి వెళ్ళే గుమ్మం

మా ఊరి సమాధుల తోటలో మా ఇంటివాళ్ళకి ఒక సమాధి మందిరం ఉంది. ఐదు తరాల కిందట మా పెద్దాయన ఒకరు కట్టించారట. గానుగ సున్నం గోడలు, పైన చిన్న గుమ్మటం, వెలుతురు కోసం తూర్పు గోడలో శిలువ ఆకారంలో కన్నాలు. అన్నీ దర్జాగానే ఉంటాయి, గుమ్మం తప్ప. అది కోళ్ళగూటి తలుపంత. పెద్దల ముందు తల వంచాలని ఆయన కావాలనే అలా పెట్టించారని మా పెదనాన్న అందరికీ గొప్పగా చెప్పేవాడు.

నాన్న ఆరడుగుల మనిషి. ఏటా సమాధుల పండుగకి కొవ్వొత్తులు పట్టుకుని లోపలికి వెళ్తూ, ఎంత వంగినా ఆ పైరాయికి తల కొట్టుకునేవాడు. పెద్దాయన మొట్టికాయ వేశాడని నుదురు రుద్దుకునేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్ళం. అమ్మ మాత్రం కొంగు ముద్దచేసి, నోటితో ఊది, నుదుటికి కాపడం పెట్టేది.

ఇప్పుడు నాన్న లోపలే, గోడలోని సమాధి అరలో ఉన్నాడు. అమ్మకి మోకాళ్ళు వంగవు. పండుగనాడు కొవ్వొత్తి నా చేతికిచ్చి బయటే నిలబడుతోంది. పైరాయి తీయించేద్దామంటే పెదనాన్న ససేమిరా అన్నాడు.

"నేను పోయాక ఎలాగూ పడుకోబెట్టి తీసుకెళ్తారు. ఓపికుండగా ఒక్కసారి నా కాళ్ళ మీద నేను వెళ్ళాలనుందే" అంది అమ్మ నాతో.

నాకు ఆ పెద్దాయన మీద ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు వానలకి గోడలు బాగా నెమ్మెక్కాయి. చుట్టూ పేరుకున్న మట్టి తీయిస్తుంటే గుమ్మం ముందు పారకి రాయి తగిలింది. తవ్వేకొద్దీ మెట్లు. లోపల ఇసుక తీస్తే చక్కటి ఇటుకల నేల. పాపం, ఆ పెద్దాయన నిలువెత్తు గుమ్మమే పెట్టించాడు. వరదలు వచ్చినప్పుడల్లా గోదారి బయట ఒండ్రు వేసింది, నీళ్ళు నిలవకూడదని మావాళ్ళు లోపల ఇసుక పోశారు. వంగడం మాకు మేం నేర్చుకున్నదే.

పెదనాన్న ఆ మెట్ల మీది మట్టిని తన కండువాతో దులిపాడు. తర్వాత అమ్మని తీసుకురమ్మని తనే చెప్పాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుని, కాళ్ళు వంచకుండానే ఒక్కో మెట్టూ నెమ్మదిగా ఎక్కింది. గుమ్మంలో ఆగి, తలెత్తి, పైరాయి కోసం చెయ్యి చాచింది. అందలేదు.

"ఇప్పుడైతే మీ నాన్నకి తగిలేది కాదు" అంది.

కొంగు ముద్దచేసి నోటికి అడ్డం పెట్టుకుని, వంగకుండా లోపలికి వెళ్ళింది.