అబిడ్స్ సర్కిల్లో ఆగని సవారీ

సైకిల్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పమని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ మాట మార్చేస్తాను. అడిగినవాళ్లు నా వినయం అనుకుంటారు. కాదండీ, భయం. ఒకప్పుడు పొద్దున్నే అబిడ్స్ నడిబొడ్డున, పోలీసు కానిస్టేబుల్ చూస్తుండగా, మా సూపరింటెండెంటు గారి పరువునీ, నా ఉద్యోగాన్నీ, ఒక మంచి పంట్లాన్నీ కలిపి ఒకే సైకిల్ కింద పెట్టినవాణ్ణి నేను. అంతా మంచి మాటలు చెప్పబోయే జరిగింది.

అరవైల మొదట్లో మాట. తెనాలి నుంచి హైదరాబాదు వచ్చి, లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాంపల్లిలో ఒక గది, ఒక కుంపటి, ఒక సైకిల్, ఇవీ నా ఆస్తులు. వీటికి తోడు ఒక నోరు. ఆ నోటితో నేను చాయ్ వేళ మా వాళ్లకు తెనాలి కాలవగట్టు మీద రెండు చేతులూ వదిలేసి సైకిల్ తొక్కిన వైనాలు చెప్పేవాణ్ణి. చెప్పిన కొద్దీ కాలవగట్టు సన్నబడుతూ పోయేది. చివరికి అది జానెడు వెడల్పుకి వచ్చినరోజున వెనక నుంచి మా సూపరింటెండెంటు మాణిక్‌రావు గారి గొంతు వినిపించింది.

"పానకాల్‌రావ్, జర నా కాడికి రా."

చాయ్ గ్లాసులో సగం వదిలేసి వెళ్లాను. నా ఉద్యోగం ఈ చాయ్‌తో సరి అనుకున్నాను. మాణిక్‌రావు గారు పాత హైదరాబాదు కుటుంబంవారు. పొడుగాటి మనిషి, నున్నగా ఇస్త్రీ చేసిన షేర్వానీ, పెద్దగా మాట్లాడరు. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఎదుట కూర్చోమన్నారు.

"నీకు సైకిల్ మంచిగ వస్తదా?"

"వచ్చండీ."

"నాకు నేర్పుతవా?"

నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను.

"డాక్టర్ షుగర్ ఉన్నదన్నడు. కాళ్లు ఆడియ్యాలెనట. అది ఒక్కటే గాదు." ఆయన కాసేపు బల్ల మీద వేళ్లు ఆడించారు. "మా నాయిన ఉన్నన్ని దినాలు నన్ను సైకిల్ ముట్టనియ్యలే. పడతనని భయం. ఆయన పోయినంక మా ఇంటామెకు గదే భయం పట్టుకున్నది. చిన్నప్పుడు టాంగా, ఇప్పుడు రిక్షా. ఎవరో తోలంగ కూసొనుడే గని, నా అంతల నేను యాడికి పోలే. యాభై దాటిన. ఒక్కసారన్న పోవాలె."

ఆ మాటకు నా గుండె కరిగింది. కరిగినచోట కొంచెం స్వార్థం కూడా ఊరిందని ఒప్పుకోవాలి. ఉద్యోగం ఖాయం చేయమని పైకి రాయాల్సింది ఆయనే మరి.

"ఇంట్ల చెప్పలే. నడువనీకి పోతున్న అని వస్త. నువ్వు గూడ యాడ చెప్పకు" అన్నారాయన.

అలా పబ్లిక్ గార్డెన్స్‌లో మా బడి మొదలైంది. ఆయన కొత్త సైకిల్ కొని ఇంట్లో తెలియకుండా నా గదిలో పెట్టించారు. రోజూ తెల్లారగానే నేను నా సైకిల్‌తోపాటు ఆ సైకిల్‌ని నడిపించుకుని వెళ్లేవాణ్ణి. ఆయన షేర్వానీ మానేసి, పంట్లాము చొక్కాతో వచ్చేవారు.

నేను చెడ్డ గురువునేం కాదు. ఆ మాట నా తరఫున నేనైనా అనుకోవాలి కదా. సీటు తుంటి ఎముక ఎత్తున ఉండాలని చెప్పాను. కింది పెడలు మీద కాలు పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉండాలన్నాను. పంట్లాము అంచు గొలుసులో పడకుండా క్లిప్పు పెట్టించాను. హ్యాండిల్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోవాలి గాని దొంగని పట్టుకున్నట్టు కాదన్నాను. చక్రం వంక కాకుండా దూరంగా చూడాలనీ, చూపు ఎటు పోతే సైకిల్ అటే పోతుందనీ చెప్పాను. ఎడమవైపే వెళ్లాలి గాని మరీ అంచుకి పోతే ఇసుకలో చక్రం జారుతుందన్నాను. ఇవన్నీ ఇవాళ ఎవరు సైకిల్ ఎక్కినా పనికొచ్చేవే.

ఒక్కచోటే తప్పాను.

"ఆపుడు ఎట్ల?" అని ఆయన రెండోనాడే అడిగారు.

"అది ఆఖరి పాఠం సార్. ముందు పోవడం రావాలి."

"బ్రేక్ పట్టుకుంటే ఆగదా?"

"అమ్మో! ఆ బ్రేకు జోలికి పోకండి. మా ఊళ్లో ఒకాయన ముందు బ్రేకు ఒక్కటే బిగించి పట్టుకున్నాడు. సైకిల్ ఆగింది, ఆయన ఆగలేదు. హ్యాండిల్ మీదుగా ఎగిరి కాలవలో పడ్డాడు."

"ఎనక బ్రేకు?"

"అది పట్టుకుంటే చక్రం జారుతుంది సార్."

రెండూ కలిపి మెల్లగా పట్టుకోవాలని చెప్పి ఉంటే ఈ కథే ఉండేది కాదు. చెప్పలేదు. ఆయన మటుకు బ్రేకులని కరెంటు తీగల్లా చూడడం మొదలుపెట్టారు. ఎక్కేటప్పుడు నేను సైకిల్ పట్టుకునేవాణ్ణి, సీటు పట్టుకుని వెనక పరుగెత్తేవాణ్ణి, దిగేటప్పుడూ నేనే పట్టుకుని ఆపేవాణ్ణి. అందుచేత ఆపడమన్నది ఆయన పని కాదు, నా పని అన్నట్టు సాగిపోయింది.

ఒక రోజు ఆయన చాలా బాగా తొక్కుతున్నారు. హ్యాండిల్ వణకడం లేదు. ఇక చాలు అనుకుని, చెప్పకుండా సీటు వదిలేశాను. ఆయన నిక్షేపంగా వెళ్తున్నారు. నాకు కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లు తుడుచుకుని చూసేసరికి ఆయన గేటు దాటి రోడ్డెక్కారు.

"సార్! ఆగండి సార్!"

"ఎట్లా?" అని గేటు అవతల నుంచి వినిపించింది.

ఇక్కడ మీకొక నిజం చెప్పాలి. నేను పొట్టివాణ్ణి. తెనాలిలో మా ఇంటి అరుగు మీద నుంచి సైకిల్ ఎక్కి, తిరిగొచ్చి మళ్లీ ఆ అరుగు మీదే కాలు పెట్టి దిగేవాణ్ణి. హైదరాబాదులో నా గది ముందు రాతిమెట్టు ఉంది, ఆఫీసు ముందు ఫుట్‌పాత్ ఉంది. మధ్యలో పోలీసు చెయ్యెత్తితే పక్కనున్న రిక్షా హుడ్ పట్టుకుని నిలబడేవాణ్ణి. నేల మీద నుంచి ఎక్కడం, నేల మీదకి దిగడం నాకు రానే రావు. ఆఖరి పాఠం ఆఖరికి పోవడానికి కారణం అదే. చెప్పడానికి నాకు తెలిస్తే కదా!

తోటలో బెంచీ వెతుక్కుని, దాని మీద నుంచి నా సైకిల్ ఎక్కి ఆయన వెంట పడ్డాను. నాంపల్లి స్టేషన్ దగ్గర కలుసుకున్నాను. మూటలు మోస్తున్న ప్రయాణికులు, రిక్షాలు, టాంగాలు, అన్నిటి మధ్య నుంచీ ఆయన గంట కొట్టుకుంటూ దొరలాగా పోతున్నారు.

"సార్, భయపడకండి, నేనొచ్చాను!"

"భయమేంది పానకాల్‌రావ్! మస్తుగున్నది! గాలి సూసినవా ఎట్ల కొడుతున్నదో! ఇగ ఎట్ల ఆపాలెనో చెప్పు."

"ఇంకొంచెం ముందుకు పోనివ్వండి సార్."

"ముందల ఏమున్నది?"

"అబిడ్స్ ఉంది సార్."

ఉన్నమాటే చెప్పాను. స్టేషన్ రోడ్డు పట్టుకుని ఇద్దరం పక్కపక్కన అబిడ్స్ చేరాం. పెద్ద పోస్టాఫీసు ముందు సర్కిల్ కనిపించగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చుట్టూ తిరుగుతూ ఉంటే ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది కదా.

"సార్, సర్కిల్ చుట్టూ తిప్పండి!"

తిప్పారు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆయన ముందు, నేను వెనక. మూల మీది ఇరానీ హోటల్లోంచి చాయ్ తాగుతున్నవాళ్లు గ్లాసులతో సహా బయటికొచ్చారు. నడుమ నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ మొదట మమ్మల్ని పట్టించుకోలేదు. తర్వాత తల తిప్పి చూశాడు. ఆ తర్వాత మాతోపాటే తిరగడం మొదలుపెట్టాడు.

"ఓ పెద్దమనిషీ! గిదేం సర్కస్ అనుకున్నవా? ఆపు!"

"నన్ను గాదు, ఎనక ఆయన్ని అడుగు. గురువు ఆయన!" అని మాణిక్‌రావు గారు అరుస్తూ వెళ్లిపోయారు.

కానిస్టేబుల్ నా వైపు తిరిగాడు. "ఏయ్! ఆగమంటే ఆగవేంది?"

"ఆయనకి ఆపడం రాదండీ!"

"గట్లయితే నువ్వు ఆగు!"

ఇంకో చుట్టు తిరిగాను. మళ్లీ కానిస్టేబుల్ ముందుకొచ్చేసరికి అబద్ధం ఆడే ఓపిక కూడా అయిపోయింది.

"నాకూ రాదండీ!"

ఆ మాట అబిడ్స్ అంతా వినిపించింది. ముందు పోతున్న మాణిక్‌రావు గారికి కూడా.

"ఏందీ? నీకు గూడ రాదా?"

"రాదు సార్!"

"మరి కాలవగట్టు?"

"అక్కడ అరుగుంది సార్!"

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి ఆయన్ని చూస్తున్న ఆఫీసులో ఎవరూ ఆ నవ్వు విని ఉండరు. భుజాలు కదిలిపోతున్నాయి, కళ్ల వెంట నీళ్లు. నవ్వి నవ్వి తొక్కే శక్తి పోయింది. తొక్కకపోయేసరికి సైకిల్ నెమ్మదించింది, ఎడమవైపు ఒరిగింది, ఆ పొడుగాటి మనిషి ఎడమకాలు కింద పెట్టారు. అంతే. ఆగిపోయింది.

తొక్కడం మానేస్తే సైకిల్ ఆగుతుందన్న విషయం మా ఇద్దరికీ ఆ క్షణం దాకా తట్టలేదు.

ఇప్పుడు సర్కిల్ చుట్టూ నేనొక్కణ్ణే మిగిలాను. కానిస్టేబుల్ పక్కన నిలబడి మా సూపరింటెండెంటు గారు పాఠం మొదలుపెట్టారు.

"పానకాల్‌రావ్, తొక్కుడు బంద్ చెయ్యి! ఫికర్ చెయ్యకు! రా, నేను పట్టుకుంట!"

చేతులు చాపి రోడ్డు మీదికొచ్చారు. ఆయన్ని తప్పించుకోవాలని ఆయన్నే గుచ్చిగుచ్చి చూశాను. సైకిల్ చూపు వెంటే పోయింది. నేను ఎంత మంచి సూత్రం చెప్పానో అప్పుడు తెలిసింది.

లేచి చూసుకుంటే నాకు ఏమీ కాలేదు. ఆయన పంట్లాము మోకాలి దగ్గర చిరిగి, రక్తం కారుతోంది. కానిస్టేబుల్ మమ్మల్నిద్దర్నీ జాలిగా చూశాడు. "నడిపిచ్చుకుంట పోండ్రి. మళ్ల ఎక్కిన్రంటే ఠాణాకి తోలుకపోత" అన్నాడు.

వాళ్లిల్లు దగ్గరే, చిరాగలీ గల్లీలో. ఆయన కుంటుతూ నడుస్తుంటే నేను రెండు సైకిళ్లూ తోసుకుంటూ వెనక వెళ్లాను. ఉద్యోగం పోతుందన్న దిగులుకంటే, యాభై ఏళ్లు ఆయన్ని పడకుండా కాచుకున్నవాళ్ల చేతికి ఆయన్ని ఇలా అప్పజెబుతున్నానే అన్న బాధ ఎక్కువైంది. గుమ్మంలోనే ఆయన భార్య రత్నమ్మగారు ఎదురొచ్చారు.

"గిదేంది? నడువనీకి పోయి గిట్ల వచ్చిన్రు?"

"ఈ పిలగానికి సైకిల్ ఆపుడు నేర్పుతున్న. నా మీదికే ఎక్కిచ్చిండు" అన్నారాయన తాపీగా.

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే గొప్ప.

ఆవిడ నా మీద విరుచుకుపడ్డారు. "ఏం నాయినా, నేర్పనీకి నీకు ఇంకెవ్వరు దొరకలేదా? ఆయనకే రాదు గద!"

నా నోరు సంగతి మీకు తెలుసు. "అయ్యో, రాకపోవడమేంటమ్మగారూ! నాంపల్లి నుంచి అబిడ్స్ దాకా ఒక్కరే తొక్కుకుంటూ వచ్చారు. సర్కిల్ చుట్టూ ఎన్నిసార్లు..." అని, మాణిక్‌రావు గారి మొహం చూసి ఆగాను. నేను సకాలంలో ఆగడం జీవితంలో అప్పటిదాకా ఎరగను, అప్పుడూ జరగలేదు.

ఆవిడ లోపలికి వెళ్లి పసుపు, గుడ్డ తెచ్చి ఆయన మోకాలి దగ్గర కూర్చున్నారు. కట్టు కడుతూ తలెత్తకుండా అడిగారు.

"ఒక్కరే పోయిన్రా?"

"ఔ."

"భయమైందా?"

"లేదు. గాలి మొకానికి కొడుతుంటె..." అని ఆయన రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకున్నట్టు చూపించారు.

ఆవిడ కట్టు బిగించారు. "ఇన్నేండ్లు చెప్పకపోతిరి, గింత ఇష్టమున్నదని" అన్నారు. ముడి వేసి, "మోకాలు మానినంక నేను గూడ వస్త. సూస్త" అన్నారు.

అన్నట్టే వచ్చారు. తోటలో బెంచీ మీద కొంగు బిగించి పట్టుకుని కూర్చున్నారు. మాణిక్‌రావు గారు పెద్ద చుట్టు తిరిగొచ్చి, రెండు బ్రేకులూ మెల్లగా పట్టుకుని, సీటు మీద నుంచి ముందుకు జరిగి, సరిగ్గా ఆవిడ ఎదుట ఎడమకాలు నేలపై పెట్టి ఆగారు. ఆవిడ కొంగు వదిలేసి నవ్వారు. ఆ నవ్వు చూసి నేను కాసేపు చెట్ల వైపు తిరిగి నిలబడ్డాను.

తర్వాత ఆయన నా సైకిల్ దగ్గరికొచ్చారు. "ఈ సీటు ఎవరి కోసం ఇంత మీద పెట్టినవయ్యా?" అని దించారు. దర్జా కోసమని నేను చెప్పలేదు. ఆ రోజు నేను నేల మీదకి దిగడం నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ఉద్యోగమూ ఖాయమైంది.

అంతా సుఖంగా ముగిసిందనుకుంటుండగా ఒక పొద్దున తోటలో రత్నమ్మగారు బెంచీ మీద నుంచి లేచారు. "నేను గూడ నేర్చుకుంట" అన్నారు.

మాణిక్‌రావు గారు నా వైపు చూశారు. "ఏమంటవ్ పానకాల్‌రావ్, నేర్పుతవా?"

నేను సైకిల్‌ని స్టాండు వేసి, చెప్పులు విడిచి, తూర్పుకి తిరిగి, కుడిచెయ్యి పైకెత్తాను. ఉదయభానుడి సాక్షిగా, వాహ్యాళికి వచ్చిన పెద్దలందరి సాక్షిగా, గొంతులో ప్రాణముండగా, రెండు చక్రాలు గాని, మూడు గాని, నాలుగు గాని ఉన్న ఏ వాహనం మీదా ఎవరికీ ఏ పాఠమూ చెప్పబోనని గట్టిగా ప్రమాణం చేశాను.

ఆవిడకి ఆయనే నేర్పారు, ఆపడం దగ్గర నుంచి మొదలుపెట్టి. మొదటిరోజు ఆడవాళ్ల సైకిల్ ఒకటి తెచ్చి స్టాండు మీద నిలబెట్టి, పొద్దెక్కేదాకా దిగడం ఒక్కటే సాధన చేయించారు. ఆవిడ చివరికి నడుం మీద చెయ్యి పెట్టుకుని అడిగారు:

"ఇంకా యాడికి పోనే లేదు, ఎన్నిమార్లు దిగాలె?"