అవసరపడొద్దు

మా ఇంట్లో ఒకరిని ఏడిపిస్తున్నామంటే వాళ్ళంటే మాకు ప్రాణమని అర్థం. మా నాన్న నడకను మా చిన్నాన్న అనుకరించేవాడు, మా చిన్నాన్న నత్తిని మా అమ్మ, అందరినీ కలిపి నేను. నేనే ఘటికుణ్ణి. పెళ్ళిళ్ళలో భోజనాలు కాగానే నన్ను మధ్యలో కూచోబెట్టి, ఫలానావాళ్ళు ఎట్ట మాట్లాడతారో చేసి చూపించమనేవాళ్ళు. నవ్వు నాలుగు విధాల చేటని సామెత ఉందట. అది తెలుగు నేలమీదే ఉండిపోయినట్టుంది, మావాళ్ళతోపాటు పుదుచ్చేరికి రాలేదు.

మేము ఇక్కడికొచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ సగం అరవం. చదవడం ఒక్కరికీ రాదు. అలాంటి ఇంటికి యానాం నుంచి ఆమె వచ్చింది. యానాం కూడా మా ప్రభుత్వం కిందిదే కాబట్టి ఆమెకు ఇక్కడి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం దొరికింది. ఊరు కాని ఊళ్ళో తెలుగువాళ్ళ ఇల్లు దొరికిందని వాళ్ళ నాన్న సంబరపడి నాకిచ్చి పెళ్ళి చేశాడు. ఆమె ఆయనకు ఒక్కతే కూతురు.

ఆమె నోరు తెరిస్తే మాకు పండగ. పాలవాడికీ అండీ, ఆటోవాడికీ అండీ. "ఏందిమా, కుక్కకు గూడా అండీనా?" అని మా అమ్మ అడిగితే ఆమె కూడా నవ్వింది. "అత్తయ్యగారూ, మీరు మాట్లాడేది తెలుగేనాండీ?" అని ఎదురు అంటించింది. ఆ మొదటి ఏడాది నిజంగా బాగుండేది. ఆఫీసు నుంచి వచ్చాక నాకు అక్షరాలు దిద్దించేది. మావాళ్ళలో తెలుగు చదవగలిగిన మొదటివాణ్ణి నేనే.

ఆమె ఎక్కడ నవ్వడం ఆపేసిందో నాకు తెలీదు. తెలుసుకోవలసినవాణ్ణి నేనే.

ఒకసారి మా అక్క ఇంట్లో వేడుక జరిగితే, ఆమె తన తండ్రితో ఫోనులో మాట్లాడే తీరు చేసి చూపించాను. "నాన్నగారండీ, అన్నం తిన్నారాండీ, మందులేసుకున్నారాండీ." అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంటికి వచ్చాక ఆమె వంటింట్లో మెల్లగా చెప్పింది. "నలుగురిలో అలా చేయకండీ. నాకు కష్టంగా ఉంటాదండి." ఆ ఆదివారం మా పెదనాన్న కొడుకులు వస్తే, ఆ మాటనే ఆ గొంతుతోనే చేసి చూపించాను. చూడండిరా, కోపం కూడా ఎంత మర్యాదో, అన్నాను. కాఫీ పళ్ళెంతో ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. అందరికీ కాఫీలిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఇది రాస్తుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాతి ఏడాది ఆమె తండ్రి పోయాడు. విల్లియనూరులో నాకు మోటారు పంపులు రిపేరు చేసే షాపుంది. ఆ పొద్దున కిరుమాంబాక్కం రైతు ఒకాయన మోటారు విప్పదీసి కూచున్నాను. ఫోను వచ్చింది. "నాన్నగారు పోయారండీ. నాకు మీ అవసరం ఉందండీ."

"అవసరపడొద్దు. వస్తా ఉండా," అన్నాను.

మా తెలుగులో అవసరమంటే తొందర. అరవంలోంచి వచ్చిన అర్థం అది. తొందరపడొద్దు, కంగారుపడొద్దు అని నా ఉద్దేశం. ఆమె తెలుగులో అది వేరే మాట. మీరు లేకపోతే గడవదండీ అని ఒక మనిషి ఏడుస్తూ చెబితే, నన్ను కోరుకోవద్దు అని నేను జవాబు చెప్పాను. పైగా ఆ మోటారు బిగించి, నీళ్ళు వచ్చాయో లేదో చూసి, రెండు గంటల తర్వాత ఇంటికి చేరాను.

యానాంలో పెద్ద కర్మ అయ్యాక, తిరిగి వచ్చిన రోజున అడిగింది. "ఆయన పోయిన పూట నాతో అలా ఎలా అనగలిగారండీ?" ఏ మాటో నాకు అర్థమవడానికి కొంతసేపు పట్టింది. అర్థమవగానే పెద్దగా నవ్వేశాను. ఓస్, ఇంతేనా, అన్నాను. రెండు అర్థాలూ విడమరిచి చెప్పాను. ఆమె విని, ఊఁ అంది. ఆ రాత్రి అన్నం తింది. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఇది రాసేవాణ్ణి కాదు.

నెల తిరక్కుండా మా బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. నన్ను మధ్యలో కూచోబెట్టారు. కొత్త సరుకేంది అన్నా, అని అడిగారు. నేను ఆ అవసరం కథ చెప్పాను. ఉత్తినే చెప్పలేదు. ఆమె ఏడుపు గొంతు పెట్టి చెప్పాను. "నాన్నగారు పోయారండీ" అన్నచోట ఎక్కిళ్ళు కూడా పెట్టాను. ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. ఆడవాళ్ళ వరసలో ఆమె ఉందని నాకు తెలుసు. తెలిసే చేశాను. ఆమె కూడా నవ్వుతుందనుకున్నానని చెబితే మీరు నమ్మకపోవచ్చు. నిజంగానే అనుకున్నాను.

మర్నాడు పొద్దున "కాఫీ పోడవా?" అంది. కాఫీ కలపనా అని అరవంలో. రెండు రోజుల అలకలే అనుకున్నాను. ఇప్పటికి ఆరేళ్ళు. ఆఫీసులో నేర్చుకున్న అరవం, ఎక్కడా వంక పెట్టడానికి లేదు. పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నదానిలా మాట్లాడుతుంది. "ఇప్పుడు మన పిల్లయిందిరా," అని మా అమ్మ మురిసిపోతుంది. ఆమె నాకు వేళకు అన్నం పెడుతుంది, జ్వరం వస్తే గోరిమేడు ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఏ లోటూ చేయదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఒకరోజు తలుపు వేసి ఆమె ఎదుట కూచుని చెప్పాను. నీ దుఃఖాన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాను, నన్ను తిట్టు, అన్నాను. "పరవాయిల్లె, విడుంగ," అంది. పర్లేదు, వదిలేయండి. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే ఎలాగోలా చల్లార్చేవాణ్ణి. అప్పటి నుంచి నేను ఎవరినీ అనుకరించడం లేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళి తిని వచ్చేస్తాను. సప్పగా అయిపోయినావేందన్నా, అంటారు.

ఆమె తెలుగంతా మేడమీదికి వెళ్ళిపోయింది. ఆఫీసు నుంచి రాగానే అక్కడ నిలబడి వాళ్ళమ్మతో మాట్లాడేది. మెట్ల కింద ఉంటే వినపడేది. ఆ అండీలు, మధ్యమధ్య నవ్వు. నేను ఒక మెట్టెక్కితే గొంతు తగ్గేది, రెండెక్కితే ఆగేది. మాకు పిల్లలు లేరు. ఉంటే వాళ్ళతోనైనా మాట్లాడేదేమో.

పోయిన నెల వాళ్ళమ్మ పోయింది. ఆదివారం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె ఫోను విని, దాన్ని బల్లమీద పెట్టి, నావైపు తిరిగింది. అమ్మ పోయిందట, టికెట్లు తీయండి, అని అరవంలో చెప్పింది. ఆమె కింది పెదవి వణికింది. ఏడుపు గొంతుదాకా వచ్చింది, నేను చూశాను. ఆమె కూడా నా ముఖం చూసింది. చూసి, ఏడుపును లోపలికే మింగేసింది.

దగ్గరకు వెళ్ళబోయాను. ఆమె ఒక అడుగు వెనక్కు వేసింది.

టికెట్ల సంగతి చూసి వస్తానని అబద్ధం చెప్పి బయటికి వచ్చి, తలుపు దగ్గరకు లాగాను. టికెట్లు ఫోనులోనే తీయవచ్చని ఆమెకూ తెలుసు. గేటు దగ్గర నిలబడ్డాను. కాసేపటికి లోపల మొదలైంది. "నన్నొదిలేసి ఎల్లిపోయావా అమ్మా, ఇంక నేనెవరితో చెప్పుకోనమ్మా." గొంతెత్తి, తెలుగులో. ఎదురింటి ఆమె పరుగున వచ్చి, లోపలికి పో అన్నా, అంత ఏడుస్తా ఉంటే నువ్విక్కడ నిలబడతావేంది, అంది. నేను లోపలికి వెళ్తే ఆమె ఏడుపు ఆపేస్తుందని ఆవిడకు చెప్పలేక, అక్కడే నిలబడ్డాను.