పశువుల ఇంగ్లీషు

ఫల్గుణకి మనుషుల గుణాలు చెప్పే ఇంగ్లీషు మాటలు బోలెడు వచ్చు. బస్సు ఎన్నింటికని అడిగే ఇంగ్లీషు మాత్రం రాదు. నవ్వకండి, అదంతా గోపాలకృష్ణ సారు చేసిన పని.

పాతికేళ్ల కిందట అరకు దగ్గర ఆశ్రమ పాఠశాలకి ఇంగ్లీషు చెప్పడానికి మైదానం నుంచి వచ్చేరాయన. పుస్తకంలో మనుషుల స్వభావాల మీద ఓ పాఠం ఉంది. అందులో అందరూ పట్నం పిల్లలే. ఒకడు పియానో ముందు కూర్చుని గర్వపడతాడు, ఒకర్తె పక్కింటి పిల్ల పుట్టినరోజు కేకు చూసి కుళ్ళుకుంటుంది. కొండమీది పిల్లలు కేకు మొహం చూడలేదు, ఇంక కుళ్ళెక్కడిది? నోరు విప్పితే ఒట్టు. సారు అరిచి అరిచి విసుగొచ్చి, పుస్తకం మూసేసి, "పోనీ, మీ ఇళ్ళల్లో పశువులున్నాయి కదా? ఒక్కోటీ ఎలాంటిదో చెప్పండ్రా" అన్నారు.

ఇంకేముంది, గదంతా గోల. సెలవులొస్తే పశువులు కాసే పిల్లలాయె. తల్లి దగ్గరికి ఇంకో దూడ వస్తే కుమ్మే దూడ జెలస్. ఉరుము వినబడితే పొదలో దూరేది టిమిడ్. ఎవరి చేనైనా నాదే అనుకునే ఎద్దు గ్రీడీ. దగ్గరికెళితే కొమ్ము విసిరేది అగ్రెసివ్. ఫల్గుణ వాళ్ళ ఎర్రావు వాగు దగ్గర మొండికేస్తే ఊరంతా తోసినా కదలదు. దానికి అబ్‌స్టినేట్ అన్న పెద్ద మాటే దక్కింది. రోజూ క్లాసులోకి రాగానే "ఫల్గుణా, ఏమంటోంది రా మీ ఆవు?" అనేవారు సారు. ఫల్గుణ పదో తరగతితో చదువు ఆపేసి కాఫీ తోటలో పడ్డాడు గానీ, తన పేరు అంత ముద్దుగా మరెవరూ పిలవలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ వాడికి కడుపు నిండిపోతుంది.

అందుకే మొన్న చలికాలంలో, సారు కూతురితో అరకు వచ్చి లాడ్జిలో దిగేరని పాత దోస్తు జగదీష్ ఫోన్ చేస్తే, కాఫీ పళ్ళ కోత మధ్యలో వదిలేసి దొరికిన జీపెక్కేసేడు. ఒకటే ఆశ. సారు నోట ఇంకోసారి తన పేరు వినాలి.

సారు కూతురు శ్రావణి గుమ్మంలోనే ఆపింది. "నాన్నగారికి మతిమరుపు జబ్బండి. నన్నే గుర్తుపట్టరు. కొత్తవాళ్ళొస్తే మీదకొచ్చేస్తారు. అగ్రెసివ్ అయిపోయారని డాక్టరుగారు చెప్పారు. ఏమీ అనుకోకండి."

ఫల్గుణకి ఆ మాట నేర్పిందే ఆయన. ఇప్పుడు తెచ్చి ఆయనకే తగిలించేరు.

సారు వరండాలో పడక్కుర్చీలో ఉన్నారు. బాగా చిక్కిపోయేరు. "సార్, నేను సార్, ఫల్గుణని" అంటూ ఆత్రంగా ఎదురెళ్ళేడు. చేతికర్ర గాల్లోకి లేచింది.

"ఎవడ్రా నువ్వు? పో" అని అరిచేరు సారు.

ఇంకొకరైతే దూరం నుంచే దండం పెట్టి వెళ్ళిపోయేవారు. ఫల్గుణ వెళ్ళలేదు. బెదిరిన ఆవుకి ఎదురెళ్ళకూడదని చిన్నప్పట్నుంచీ తెలిసినవాడు, సారుకి అలా ఎదురెళ్ళినందుకు తన్ను తనే తిట్టుకున్నాడు. గురువుని పశువుతో పోలుస్తావా అని నన్ను కేకలేస్తే వెయ్యండి. ప్రేమున్నవాడికి అదేమీ తప్పుగా తోచదు. వెనక్కొచ్చి, కుర్చీకి కాస్త పక్కగా, కొండవైపు మొహం తిప్పుకుని కింద కూర్చున్నాడు. సారుని చూడలేదు, పలకరించలేదు. సంచిలోంచి ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన కమలాపండు తీసి, మెల్లగా ఒలిచి, ఒక్కో తొనా కుర్చీ చేతిమీద పెట్టేడు.

చాలాసేపటికి కర్ర నేలకి ఆనింది. ఇంకాసేపటికి సారు చెయ్యి వచ్చి ఒక తొన అందుకుంది.

"తియ్యగా ఉంది," అన్నారు సారు. "నీ పేరేటి బాబూ?"

"ఫల్గుణండి."

"ఫల్గుణ. మంచి పేరు." ముఖంలో గుర్తుపట్టిన జాడ ఏ కోశానా లేదు. ఇంకో తొన తిని మళ్ళీ అడిగేరు, "నీ పేరేటి బాబూ?"

శ్రావణి ఇబ్బందిపడి ఏదో చెప్పబోయింది. పరవాలేదన్నట్టు ఫల్గుణ చెయ్యి ఊపేడు.

"ఫల్గుణండి."

"ఫల్గుణ. మంచి పేరు."

తిరుగు జీపు వచ్చేదాకా సారు అడుగుతూనే ఉన్నారు. ఫల్గుణ కళ్ళు తుడుచుకుంటూ చెబుతూనే ఉన్నాడు.