మిలట్రీ తాత ట్రంకు పెట్టె

ఆ ఆదివారం మధ్యాహ్నం మా చిక్కడపల్లి ఇంట్లో నాన్న, చిన్నాయన సోఫాలో కూర్చుని పాత నలుపు తెలుపు ఇంగ్లిష్ కామెడీ సినిమా చూస్తున్నారు. అందులో ఒకడు లావు, ఒకడు బక్క. ఆస్తి వస్తుందని ఇద్దరూ ఎక్కడికో పోతారు. చేతికి ఏమీ రాదు. ఆఖరికి పొరపాటున సైన్యంలో చేరిపోతారు.

సినిమా అయిపోయేదాకా మా వాళ్ళిద్దరూ ఒక్కసారి కూడా నవ్వలేదు.

"ముందుగాల ఒక ఫోన్ చేసి అడిగితే అయిపోవు గదా" అన్నాడు చిన్నాయన.

"అప్పట్ల ఫోన్లు యాడియి" అన్నాడు నాన్న.

నాన్న బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. ఈదురుగాలి వస్తే మేడ మీదికి పంపడానికి అమ్మ భయపడేంత బక్కమనిషి. చిన్నాయనకు కోఠిలో స్టేషనరీ దుకాణం ఉంది. ఆయన ఆటోలో కూర్చుంటే పక్కనవాళ్ళు ఇరుక్కోవాల్సిందే. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వాళ్ళను చూసింది, టీవీని చూసింది, లోపలికి పోయింది.

పది రోజులకు నారాయణగూడలో మా మిలట్రీ తాత పోయాడు. ఆయన నాన్నకు మేనమామ. ఆర్మీలో చేసి వచ్చినవాడు, పెళ్ళి చేసుకోలేదు. సొంత ఇల్లుంది. కర్మలు అయ్యాక దోమలగూడ నుంచి వకీలు ఫోన్ చేసి, వీలునామా ఉంది, ఇద్దరూ రండి అన్నాడు.

నన్నూ తీసుకుపోయారు, కాగితాలు చదవడానికి. దారిలో చిన్నాయన ఆటోను నారాయణగూడ మీదుగా తిప్పించాడు. తాత ఇంటి ముందు దిగి, రోడ్డు వైపు గోడను అడుగులతో కొలిచాడు.

"షట్టర్ పెట్టొచ్చు" అన్నాడు.

"మామ పోయి ఇంకా నెల గూడ కాలె" అన్నాడు నాన్న. తర్వాత తనూ ఒకసారి కొలిచాడు.

వకీలు వీలునామా చదివాడు. ఇల్లు, పదిహేనేళ్ళుగా తాతకు వండిపెట్టి, ఆఖరు రోజుల్లో మంచం దగ్గరే ఉండి చూసుకున్న, కింది పోర్షనులో ఉండే ఆమెకు. పెద్ద మేనల్లుడికి ట్రంకు పెట్టె. చిన్న మేనల్లుడికి దాని తాళంచెవి.

"తాళంచెవి?" అన్నాడు చిన్నాయన.

"ఆయననే అట్ల రాయించిండు. ఇద్దరు కలిసి తెరవాలని" అన్నాడు వకీలు.

ఆటోలో ఇంటికి బయల్దేరాం. "ఆమెకే ఇయ్యాలె. మనమెప్పుడన్న పోయినమా చూస్తందుకు?" అన్నాడు నాన్న. చిన్నాయన తాళంచెవిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ కూర్చున్నాడు.

పెట్టెలో ఒక ఖాకీ కోటు, బెల్టు, ఒక జత బూట్లు, ఒక విజిల్, చాలా నాఫ్తలీన్ గోలీలు ఉన్నాయి. చిన్నాయన కోటు వేసుకున్నాడు. బలవంతంగా గుండీలు పెడుతుంటే ఒకటి తెగి ఎగిరిపోయి అమ్మ టీ గ్లాసులో పడింది. మిగిలినవి ఎంత లాగినా ఊడలేదు. నాన్న బూట్లు తొడిగి చూశాడు. ఆయనకు అవి రెండు సైజులు పెద్దవి. లేసులు ముళ్ళు పడి, అవి కూడా రాలేదు. కోటు విప్పించుకుందామని ఇద్దరూ అశోక్ నగర్‌లో తెలిసిన టైలర్ దగ్గరికి నడిచారు. వెనకాల నేను.

టైలర్ ఇంకా దుకాణం తెరవలేదు. పక్కనే టీ కొట్టు. అక్కడ పుస్తకాలు పట్టుకుని నిలబడ్డ హాస్టల్ పిల్లలు చిన్నాయన కోటును చూసి గ్లాసులు పక్కన పెట్టేశారు. ఒకమ్మాయి ముందుకొచ్చింది. పాలమూరు వైపు నుంచి వచ్చి కానిస్టేబుల్ ఉద్యోగానికి చదువుతోంది.

"సార్, ఆర్మీల చేసిన్రా?"

చిన్నాయన కాదనలేదు, అవుననలేదు. "ఏం గావాలె బిడ్డా?" అన్నాడు.

"రన్నింగుల వెనకబడుతున్నం సార్. జర పొద్దున్నే వచ్చి టైం చూస్తే చాలు."

నిజం చెప్పేస్తాడేమోనని చూశాను. ఆయన పొట్ట లోపలికి పీల్చి, "ఐదింటికి గ్రౌండ్‌ల ఉండుండ్రి" అన్నాడు. ఊపిరి వదలగానే మిగిలిన గుండీలు తెగాయి.

మర్నాడు తొమ్మిది మంది వచ్చారు. చిన్నాయన గుండీలు లేని కోటుతోనే వచ్చి, విజిల్ ఊది వరుసలో నిలబెట్టి, కుడికి తిరగమని "దాయే ముడ్" అని అరిచాడు. తను మాత్రం ఎడమకు తిరిగాడు. సగం మంది ఆయన మాట విన్నారు, సగం మంది ఆయన్ను చూశారు. ఇద్దరి తలలు ఢీకొన్నాయి. తర్వాత లాంగ్ జంప్ ఎట్లా దూకాలో చూపిస్తానని పరుగెత్తి, ఇసుక గుంట అంచున బోర్లా పడ్డాడు. లేపడానికి నాన్న పరుగెత్తాడు. లేసులు కత్తిరించినా ఆయన ఆ బూట్లే వేసుకొచ్చాడు. ఒక బూటు వెనకే ఉండిపోయింది, నాన్న వచ్చి తమ్ముడి మీద పడ్డాడు.

పిల్లలు నవ్వలేదు. ఒకతను మాత్రం, "సార్, గిది గూడ ఎగ్జామ్‌ల ఉంటదా?" అని అడిగాడు.

అయినా రోజూ పోయారు. వాన పడ్డా పోయారు. నాన్న ఒక నోటుబుక్కులో అందరి టైమింగులు బ్యాంకు అక్షరాలతో రాసేవాడు. ఎవరైనా రాకపోతే హాస్టల్‌కు ఫోన్ చేసి జ్వరమా అని అడిగేవాడు. చిన్నాయన దుకాణం పదికి బదులు పదకొండుకు తెరిచేవాడు.

రెండు నెలలకు ఆ అమ్మాయి తండ్రి ఊరి నుంచి వచ్చాడు. నిజంగా ఆర్మీలో పనిచేసిన మనిషి. నేరుగా చిన్నాయన ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు. చిన్నాయన ఎడమ చేత్తో తిరిగి కొట్టాడు.

ఆయన ఆ చేతి వైపే చూస్తూ, "సార్, ఏ యూనిట్?" అన్నాడు.

చిన్నాయన చెయ్యి మెల్లగా దించాడు. ఆయన మొహం అట్లా ఎర్రబడటం నేనెప్పుడూ చూడలేదు. "నాది కోఠిల స్టేషనరీ దుకాణం. కోటు మా మామది" అన్నాడు. పిల్లల వైపు తిరిగి, "ముందే చెప్పాలె. మీరు సార్ అనంగనే నోరు రాలె. తప్పయింది" అన్నాడు.

నాన్న నోటుబుక్కు మూసేశాడు.

"మాకు ఎర్కే అంకుల్" అంది ఆ అమ్మాయి. "మూడో రోజే ఎర్కయింది. మా ఫ్రెండు మీ దుకాణంల పెన్నులు కొంటది."

"మరి ఎందుకు వచ్చిన్రు?"

"రాకుంటే మీ అన్న ఫోన్ చేస్తడు గదా."

తండ్రి ఇంకో అడుగు ముందుకేసి, చిన్నాయన కుడి చెయ్యి పట్టుకుని పైకెత్తి, వేళ్ళు ఎట్లా ఉండాలో సరిచేశాడు. రెండు రోజులు ఉండి, పిల్లలతో పాటు మా వాళ్ళిద్దరికీ కుడి ఎడమలు నేర్పి వెళ్ళాడు.

పరుగులో ఆ తొమ్మిది మందిలో ఆరుగురు నెగ్గారు. ఉద్యోగం వచ్చింది మాత్రం ఆ అమ్మాయికి ఒక్కదానికే. ట్రైనింగ్‌కు పోయే ముందు స్వీట్ డబ్బా తీసుకుని ఇంటికొచ్చింది. అమ్మ బొట్టు పెట్టి జాకెట్ గుడ్డ ఇచ్చింది. చిన్నాయన చాలా చెప్పాలని వారం నుంచీ తయారవుతున్నాడు. తీరా ఆమె ఎదురుగా కూర్చున్నాక, "ఆడ నీళ్ళు పడతయో లేదో, కాగబెట్టి తాగు" అన్నాడు.

ఆమె వెళ్ళిపోయాక అన్నదమ్ములు వాకిట్లోనే నిలబడ్డారు. ఉద్యోగం రాని ఎనిమిది మందీ మళ్ళీ నోటిఫికేషన్ కోసం హాస్టల్‌లోనే ఉన్నారు. నాన్న లోపలికి పోయి కొత్త నోటుబుక్కు తీసి, మొదటి పేజీలో గీతలు కొట్టడం మొదలుపెట్టాడు.