పాపకు నా పని నేర్పొద్దన్నాను

ఖోబర్‌లో, అజీజియా వైపు, ఒక తెలుగు డాక్టరమ్మ ఇంట్లో పనిచేస్తాను. ఆమె భర్త దూరాన యాన్బులో ఇంజనీరు, సెలవు దొరికితేనే వస్తాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, పదహారేళ్ళది. పుట్టుకతోనే బుద్ధి నిదానం, మాట నిదానం. అలాంటి పిల్లల కోసమే ఉన్న బడికి పోతుంది. నన్ను పెద్దమ్మా అంటుంది. నేను కడప వైపు మనిషిని. మొగుడు పోయాక ఈ అరబ్బు దేశం వచ్చాను. చదువు లేదు, సంతకం ఒక్కటి గీస్తాను. ఇది నేను చెబుతుంటే వేరొకరు రాస్తున్నారు. నా మాటను నునుపు చేయొద్దని ముందే చెప్పాను.

ఆ బడిలో పిల్లలు ఈ వయసుకు వచ్చేసరికి రెండుగా విడదీస్తారు. కొందరికి అక్షరాలు, లెక్కలు సాగుతాయి. మిగతావాళ్ళకు పుస్తకాలు తీసేసి ఇంటిపని నేర్పుతారు. పక్క సర్దడం, అంట్లు తోమడం, బట్టలు మడవడం. డాక్టరమ్మ మనసు ఆ రెండో వైపే ఉంది. టీచరమ్మ ఒకరోజు తల్లిని పిలిపించింది. ఇంట్లో పాపతో ఉండే మనిషిని కూడా తీసుకురమ్మంది, పాపకు ఏమేం వచ్చో అడగాలని.

కారు నడుపుతూ మేడమ్ చెప్పింది. “అడిగినదానికి జవాబు చెప్పు చాలు. ఎక్కువ మాట్లాడకు.”

“అట్లనే మేడమ్.”

నిజంగా అట్లనే ఉందామనుకున్నాను.

గదిలో ఒక మూల మంచం, పైన దుప్పటి. ఇంకో మూల తొట్టి, అందులో గిన్నెలు. ఆ పని నేర్పే గది అదేనట. పాప అప్పటికే సంచితో అక్కడ కూర్చుని ఉంది. టీచరమ్మది హైదరాబాదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది, అది మర్యాదే.

“పాప గిన్నెలు కడుగుతదా అమ్మా?”

“కడుగుతాది.”

“బట్టలు మడుస్తదా?”

“మడుస్తాది.”

నేను ఔనన్నప్పుడల్లా ఆమె ముఖం వెలుగుతోంది. పాప చెయ్యి పట్టుకుని ఆ మంచం వైపు నేనే నడిపిస్తున్నట్టు అనిపించింది. ఒంటరిగా కూర్చుంటే పాపకు తోచదని, పక్కన నిలబెట్టుకుని ఇవన్నీ నేర్పింది నేను. ఆట లాగా నేర్పాను.

“మంచం సర్దుతదా?”

“రాదమ్మా.”

పాప గిర్రున తిరిగింది. “వచ్చు! పెద్దమ్మా, అబద్ధం!”

లేచి పోయి దుప్పటి లాగింది, మూలలు మడిచి పరుపు కిందికి తోసింది. అయ్యాక నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను నిలబడేది అలాగే. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

“మస్తు చేసింది! ఎవరు నేర్పిన్రు?”

పాప నన్ను చూపించింది. మేడమ్ నవ్వింది. “ఇంకేం, సగం ట్రైనింగ్ ఇంట్లోనే అయిపోయింది.”

ఆ నవ్వు నాకు పడలేదు.

“మేడమ్, పాపకు ఈ పని వద్దు.”

“ఏ పని?”

“నా పని.”

మేడమ్ గొంతు తగ్గించింది. “నీ పని తక్కువని ఎవరన్నారు? నువ్వే తక్కువ చేసుకుంటున్నావు.”

“తక్కువని నేనెందుకంటా? దాంతోనే తింటాండా. కానీ అది పాపకు ఇంట్లోనే వచ్చె. ఇంకా కావాలంటే కూర నేర్పుతా, ఇస్త్రీ నేర్పుతా. నాకు వచ్చిందే నేర్పేదానికి ఇంత పెద్ద బడి యాల? నాకు రానిది నేర్పమనండి.”

“ఇన్నేండ్ల సంది అక్షరాల కాడనే ఉన్నదమ్మా” అంది టీచరమ్మ. “ముందటికి పోతలేదు.”

“నిదానంగా పోనీ. ఎవరు తరుముతాండారు?”

అప్పుడు మేడమ్ అంది. “రేపు నేను లేకపోతే? తన టీ తాను పెట్టుకోవాలి, తన బట్టలు తాను ఉతుక్కోవాలి. నువ్వు నీ కాళ్ళ మీద నిలబడలేదా?”

తల్లి భయం అది, అబద్ధం కాదు. కానీ నా కాళ్ళ సంగతి నాకు తెలుసు కదా. ఇంతకుముందు ఖమీస్ ముషైత్‌లో ఒక ఇంట్లో చేశాను. జ్వరమొస్తే డ్రైవరు నన్ను పెద్దాసుపత్రి గేటు దగ్గర దింపి పోయాడు. లోపల ఎన్ని తలుపులో, ప్రతి తలుపు మీదా బోర్డు. అడగడానికి సిగ్గేసి ఒక తలుపు ముందు కూర్చున్నాను. పొద్దు వాలేదాకా కూర్చున్నాను. చివరికి ఊడ్చేవాడొచ్చి ఆ తలుపు తీశాడు. లోపల చీపుర్లు, బకెట్లు. అంత ఇల్లూ కడిగే చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి ఆ రోజంతా. ఏ తలుపు తట్టాలో అవి చెప్పలేదు.

అదంతా అక్కడే చెప్పేశాను. మేడమ్ చెవులు ఎర్రబడ్డాయి.

“దానికీ దీనికీ సంబంధమేంటి?”

“ఉంది మేడమ్. నేను ఈడ ఉండే ఇకామా కాయితం సారు పేరు మీదుంది. కోపమొస్తే ఎగ్జిట్ కొట్టించండి, ఊరికి పోతా. పాప పుస్తకం మాత్రం తియ్యొద్దండి.”

టీచరమ్మ పాప వైపు వంగింది. “బేటా, నీకేం కావాలె?”

పాప సంచి ఒళ్ళోకి లాక్కుంది. “నా బుక్కు నాదే” అంది. కాసేపాగి, “ఆకలేస్తోంది” అంది.

దారిలో మేడమ్ సారుకు ఫోన్ చేసింది. నీ ఇష్టం అన్నాడట ఆయన. ఇంటి ముందు కారు ఆపి, నా వైపు చూడకుండా చెప్పింది. “ఈ ఒక్క టర్మూ చదవనిద్దాం. తర్వాత నువ్వు నోరెత్తకూడదు.”

“అప్పటి సంగతి అప్పుడు చూద్దాం మేడమ్.”

ఆ తర్వాత కొన్నాళ్ళు పని చెప్పడానికి తప్ప నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె. ఎగ్జిట్ మాత్రం కొట్టించలేదు. పాప పుస్తకం సంచిలోనే ఉంది.

మొన్న పప్పు పొయ్యి మీద ఉండగా డబ్బాలో ఉప్పు అయిపోయింది. లోపలి గదిలో ఉప్పు, చక్కెర కొత్త పొట్లాలు ఒకేలా ఉన్నాయి, చదివి ఉప్పు తెమ్మని పాపను పంపాను. చాలాసేపటికి వచ్చింది. కొస కత్తిరించి నాలుక మీద వేసుకుంటే చక్కెర.

బల్ల దగ్గర కూర్చున్న మేడమ్ చూసింది. ఎగతాళిగా అనలేదు, అలసటగానే అంది. “చూశావా? ఇదేనా చదువు?”

“గిన్నెకు జిడ్డుంటే నా చేత మళ్ళీ తోమించలేదా మీరు? పాప కూడా మళ్ళీ చదువుతాది.”

పొయ్యి ఆపేశాను. టర్ము అయిపోవస్తోంది. వాళ్ళు మళ్ళీ పిలుస్తారు, నేను మళ్ళీ పోతాను, నోరెత్తొద్దన్నారని నోరు కట్టేసుకోను. పాప చక్కెర పొట్లం తీసుకుని లోపలికి పోయింది. తలుపు సందులోంచి కనిపిస్తూనే ఉంది. రెండు పొట్లాలూ నేల మీద పెట్టుకుని, ఒక దాని మీద వేలు పెట్టి, పెదాలు కదుపుతోంది.

“పప్పు చల్లారిపోతుంది” అంది మేడమ్.

చల్లారనీ అన్నాను.