అవతలి గట్టు మాట

మాటల మధ్య దూరం కొలిచే పని చేస్తున్నానంటే మా గురజాలలో ఎవరికీ అర్థం కాదు. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అన్ని ఊళ్ళలోనూ అవే బొమ్మలు చూపించి, వాటిని అక్కడ ఏమంటారో, ఎలా పలుకుతారో ఫోనులో రికార్డు చేసి యూనివర్సిటీ వాళ్ళకి పంపాలి. ఒక ఊరి పలుకు ఇంకో ఊరి పలుకులా వినపడాలంటే ఎన్ని ధ్వనులు మార్చాలో కంప్యూటరు లెక్క కడుతుంది. లెక్క పెరిగితే ఆ రెండు ఊళ్ళ మాట దూరం, తగ్గితే దగ్గర. ఇంత విడమరిచి చెప్పాక కూడా దుర్గిలో ఒక పెద్దాయన, "ఇంతకీ పింఛను పెంచుతారా, తీసేస్తారా?" అని అడిగాడు. ఆయన్ని అని ఏం లాభం! ఫోను పట్టుకుని గడపలోకి వచ్చినవాళ్ళందరూ ఇన్నేళ్ళూ ఆ పని మీదే వచ్చారు.

బస్సులు, ఆటోలు, ఎండ, మిరప కళ్ళాల ఘాటుకి దగ్గు, ఇవన్నీ ఓర్చుకోవచ్చు. నాకు ఓపిక లేకుండా చేసింది మా వాళ్ళ మర్యాద. సొరకాయ బొమ్మ చూపిస్తే ఒక్కరూ తిన్నగా చెప్పరు. "మీరేమంటారమ్మా?" అని ముందు నన్నే అడుగుతారు. నేను నోరు జారానా, అయిపోయింది. "ఆఁ, మేమూ అదే అంటాం" అనేస్తారు. ఇంటికొచ్చిన మనిషి మాట కాదనకూడదు కదా! పెరట్లో పందిరికి కాయ వేలాడుతూనే ఉంటుంది. రోజూ వాళ్ళు దాన్ని పిలిచే పేరు మాత్రం నాకు దక్కదు.

ఇది చాలదన్నట్టు ఇంకో నిబంధన. పుట్టిన ఊళ్ళోనే ముసలైనవాళ్ళ గొంతులే కావాలట. కోడళ్ళు పనికిరారట. పుట్టిన ఊళ్ళోనే ముసలయ్యే ఆడమనిషి మా వైపు ఎక్కడుంది, నా ఖర్మ కాకపోతే! అరుగు మీద మగాళ్ళు ఊఁ, ఆఁ అంటుంటే అదే పట్టుకుని, గలగలా మాట్లాడే ఆడవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేస్తుంటాను.

మా అమ్మా కోడలే. కృష్ణకు అవతలి గట్టున పుట్టింది. కొన్నేళ్ళ కిందట వాళ్ళ ఊరు రిజర్వాయరులో మునిగిపోయి జనం చెల్లాచెదురయ్యారు. ఆ వైపు పునరావాస కాలనీలో అమ్మకు మిగిలింది, సొంతూళ్ళోనే మేనబావను చేసుకున్న వాళ్ళక్క ఒక్కతే. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ నోరు తెరిస్తే చాలు, "అవతలి గట్టు మాట" అని మా నాయనమ్మ వెక్కిరించేదట. నాకు ఊహ తెలిసేసరికి అమ్మది అచ్చం మా వీధి మాటే.

నా పని సంగతి తెలిసినప్పటినుంచి అమ్మ నన్ను వదల్లేదు.

"ఊరందరివీ పట్టుకపోతన్నావు గదా, నాది గూడా కొలవ్వే."

"కోడళ్ళు వద్దన్నారే అమ్మా."

"వాళ్ళకియ్యబాకులే. మా ఊరి మాట నా నోట్లో ఉందో లేదో చూసి చెప్పు. ఊరెట్టాగూ పోయింది. ఇదన్నా మిగిలిందో లేదో తెలుసుకోవద్దా?"

అవతలి గట్టున పని పడినప్పుడు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు చెవుడు, అందుకని అక్కచెల్లెళ్ళకు ఫోనులో మాటల్లేవు. అమ్మకేమో మోకాళ్ళ నొప్పులు, ఆ గడప తొక్కి ఏళ్ళయింది. నేనేమన్నా పెద్దమ్మకు వినపడదు గనుక మర్యాదల గొడవే లేదు. బొమ్మ చూడగానే టకటకా చెప్పేసింది. ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టాను. అమ్మకు చూపు ఆనదు. ఏ బొమ్మో నేను వివరిస్తుంటే పేరు చెప్పింది. ఇద్దరి మాటలూ కంప్యూటరుకిచ్చాను. అమ్మ మాట పెద్దమ్మ మాటకు ఎక్కడో దూరంగా, మా వీధి మాటను ఆనుకుని తేలింది.

"ఏమంటందే నీ కంప్యూటరు?"

"నువ్వు ఈ ఊరిదానివేనంటమ్మా" అన్నాను.

అమ్మ కొంగు అంచు నలుపుకుంది. "అయితే అది గూడా పోయిందన్నమాట" అంది. ఈ పని మీదా, నా మీదా నాకే రోత పుట్టింది.

"పోనీలే. అక్క ఎట్టా చెప్పిందో ఒకసారి పెట్టు."

పెట్టాను. అమ్మ ఫోను చెవికి ఆనించుకుంది. సొరకాయను "ఆనిగెపుకాయ" అంది పెద్దమ్మ. చీపురును "పొరక" అంది. అమ్మ పెదాలు కదిలాయి. మధ్యలో పెద్దమ్మ బొమ్మలు పక్కన పెట్టి నన్ను పలకరించిన ముక్క ఒకటుంది. కత్తిరించెయ్యాల్సింది, బద్ధకించి అలాగే ఉంచాను.

"మీ అమ్మ మంచిగున్నదా బిడ్డా? మోకాళ్ళ నొప్పులు తగ్గినయా?"

"యాడ తగ్గినయక్కా!" అంది అమ్మ, చెవిటిమనిషికి చెప్పినట్టు గట్టిగా. "నడుస్తనే లేను. నిన్ను జూడక ఎన్ని దినాలాయె! పానం మంచిగున్నదా నీది?"

ఆ సాగదీత, ఆ గొంతు మా ఇంట్లో నేనెన్నడూ వినలేదు. నేను అడిగితే నా మాటలో చెప్పింది, అక్క అడిగితే అక్క మాటలో చెప్పింది. ఇన్నేళ్ళూ మా అందరికీ మర్యాద చేస్తూ బతికింది మా అమ్మ. నాకు ఏడుపు ఆగలేదు.

"ఉందే అమ్మా, ఎక్కడికీ పోలేదు, నీ దగ్గరే ఉంది" అన్నాను.

అమ్మ ఫోను తియ్యకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది.

"జర ఆగు బిడ్డా, అక్క మాట్లాడుతున్నది."