పిడికిలి అడగని ప్రశ్న

మా మేనకోడలి మొదటి గెలుపు ఒక బెల్టు. అప్పుడు దానికి పదకొండేళ్ళు. మా అక్క వీపు మీద బావ బెల్టు నాలుగోసారి లేస్తుంటే, ఇనుము ఉన్న కొసను ఇది గాలిలోనే పట్టుకుంది. అరచెయ్యి చీలి రక్తం మోచేతిదాకా కారింది. ఆయన లాగాడు, తన్నాడు, ఈడ్చి గోడకేసి కొట్టాడు. ఇది పిడికిలి విప్పలేదు. చివరికి ఆయనే అలిసిపోయి, బెల్టు దాని చేతిలో వదిలేసి బయటికి పోయాడు. మళ్ళీ మా అక్క మీద ఆ చెయ్యి లేవలేదు. ఆ రోజు నుంచి మా అందరికీ అది పిడికిలే.

మా ఊరి బడిలో ఏడో తరగతితో ఆపినవాణ్ణి, నేను రాయడమేమిటని అనుకోవచ్చు. కాకిపిల్ల కాకికి ముద్దు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి అది. మానసిక ఆరోగ్య కేంద్రంలో కౌన్సిలరు కావడానికి లైసెన్సు పరీక్ష మూడుసార్లు రాసి నెగ్గింది. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. కోపం ఆపుకోలేని మగవాళ్ళందరినీ దాని గదికే పంపేవారు. ఒకడు దాని ముందుపన్ను రాలగొట్టాడు. ఇంకొకడు కిటికీ అద్దం పగలగొట్టి ఆ ముక్కతోనే మీదికొచ్చాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించి పంపింది. "ఇంట్లోవాళ్ళ మీద చెయ్యి చేసుకోను" అని రాయించి సంతకం తీసుకోవడం దాని పద్ధతి. అలాంటి కాగితాలు ఫైల్లో ఎనభై మూడున్నాయి.

లైసెన్సు ఉన్నవాళ్ళు ఆరేళ్ళకోసారి ఆత్మహత్యల నివారణ శిక్షణ తీసుకుని తీరాలని ఈమధ్యే నిబంధన వచ్చింది. ఒక్కరోజు, ఆరు గంటలు. ఇది రెండుసార్లు వాయిదా వేయించుకుంది.

"తాతకు దగ్గులు నేర్పుతారా మావయ్యా? నా దగ్గరికొచ్చేవాళ్ళు చంపేరకం. చచ్చేరకం కాదు" అంది.

"అదీ మాట" అన్నాను నేను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

అప్పుడే వెల్డరు వచ్చాడు. గేట్లూ గ్రిల్లులూ చేసే మనిషి. భార్య చెయ్యి విరగ్గొట్టి వచ్చాడు. (అతనూ భార్యా సరేనన్నాకే ఇది రాస్తున్నాను.) మొదటిరోజే దాని గదిలో కుర్చీని గోడకేసి కొట్టి ముక్కలు చేశాడు. ఆరో వారానికి కాగితం మీద సంతకం పెట్టాడు, మాట నిలబెట్టుకున్నాడు. పదో వారం చాలా నెమ్మదిగా మాట్లాడాడు. పనిముట్లన్నీ తోటి పనివాడికి ఇచ్చేశానన్నాడు. "కోపం తగ్గింది, కొత్త పని చూసుకుంటున్నాడు" అని ఇది రాసుకుంది.

ఆ మూడో రోజున అతను తన వెల్డింగు షెడ్డులోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడు. తోటి పనివాడు గునపంతో తలుపు బద్దలుకొట్టి బయటికి లాగాడు. కొనప్రాణంతో దక్కాడు.

మర్నాడు వెల్డరు భార్య కేంద్రానికి వచ్చింది. అతుక్కున్న చేత్తోనే ఇనప స్టూలు ఎత్తి పిడికిలి భుజం మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు వరండాలోకి వినిపించిందట. కిందపడ్డాక కూడా జుట్టు పట్టుకుని కొట్టింది.

"నా మీద చెయ్యి వెయ్యనని రాయించావు. తన మీద తను వేసుకుంటాడేమోనని ఒక్కసారైనా అడిగావా? పది వారాలు ఏం చేశావే?"

పిడికిలి చెయ్యి అడ్డం పెట్టలేదు. తర్వాత ఫిర్యాదూ ఇవ్వలేదు. శిక్షణ ఎగ్గొట్టిన సంగతి బయటపడి, అది పూర్తయ్యేదాకా లైసెన్సు ఆపేశారు. ఇక ఈ పనే వద్దంది. "అయితే ఆ ఎనభై మూడు కాగితాలూ నువ్వే చింపెయ్" అని ఫైలు ముందు పెట్టాను. రెండు రోజులు దాన్ని చూస్తూ కూర్చుని, మూడో రోజు కట్టుతోనే శిక్షణకు వెళ్ళింది.

అక్కడ నేర్పేది దానికంటే పదేళ్ళు చిన్నామె. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా?" అని కళ్ళలోకి చూసి అడగమంది. మా పిల్లకు నోరు పెగల్లేదు. అద్దం ముక్కకు బెదరని మనిషి.

"అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?" అందట.

"పుట్టదండీ. మోస్తున్నవాళ్ళకి దించుకునే చోటు దొరుకుతుంది" అందట ఆ చిన్నామె. అడగలేకపోయినందుకు మరో విడతకు రమ్మంది.

రెండు వారాలు నా మీద సాధన. నేను వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చునేది.

"మావయ్యా, నీకెప్పుడైనా..."

"ఏం మాటలే ఇవి పొద్దున్నే? నోరు కడుక్కో."

"ఇంట్లో అడగలేనిదాన్ని అక్కడేం అడుగుతాను?"

నాలుగో రోజు తడబడకుండా అడిగింది. లేదని నవ్వేద్దామనుకున్నాను. "ఒకసారి" అన్నాను. మీ అత్త చనిపోయిన ఏడాది అని చెప్పాను. ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు లేదులే. ముందు పొయ్యి చూడు, పోపు మాడుతోంది."

రెండో విడతలో నెగ్గింది. లైసెన్సు చేతికి రాగానే, డాక్టరును అడిగి, ఆసుపత్రి వార్డులో ఉన్న వెల్డరు దగ్గరికి వెళ్ళింది. మంచం పక్కన కూర్చుని ఆ ప్రశ్న అడిగింది. అతను స్టీలు గ్లాసు విసిరాడు. కనుబొమ చీలింది, మూడు కుట్లు పడ్డాయి.

"ఇప్పుడా అడిగేది?" అన్నాడట.

"ఆలస్యమైంది. నాదే తప్పు. ఇప్పుడు చెప్పు" అంది రక్తం తుడుచుకుంటూ.

అతను గంటసేపు చెప్పాడు. ఈసారి సంతకం తీసుకోలేదు. ఆలోచన మళ్ళీ వస్తే ఎవరికి ఫోను చెయ్యాలో ఇద్దరూ కలిసి రాశారు. మొదటి పేరు తోటి పనివాడిది, రెండోది కేంద్రానిది. షెడ్డు తాళంచెవి భార్య కొంగున ఉంది.

బెల్టు, పన్ను, అద్దం, మూడు కుట్లు. అన్నిటికంటే ఆ ఒక్క ప్రశ్ననే నేను పెద్ద గెలుపుగా రాస్తున్నాను. భుజం కట్టు వచ్చే వారం విప్పుతారు. ఎవరు ఎప్పుడు రావాలో రాసే కేంద్రం పుస్తకంలో దాని గదికి మొదటి పేరు వెల్డరుది రాసి ఉంచారు. పిడికిలి పనిలోకి తిరిగి వచ్చేది వచ్చే నెల పధ్నాలుగో తేదీ, సోమవారం, ఉదయం తొమ్మిదింటికి.